పొట్టి మొక్కల లెక్క

ఆ వేసవిలో నేను చేసిన తప్పుల్లో చిన్నది షికాగో వెళ్ళడం. పెద్దది ఏమిటో నాకు తెలిసొచ్చేసరికి జులై అయిపోవచ్చింది.

షికాగో ఎందుకు వెళ్ళానో చెప్తే నవ్వుతారు. చిన్న చిన్న కాలేజీల్లో మొక్కల శాస్త్రం చెప్పే నాలాంటి వాళ్ళకి, డిగ్రీ పిల్లల చేత పరిశోధన ఎలా చేయించాలో నేర్పే నాలుగు రోజుల శిక్షణ అది. పిల్లల్ని పనిలో ఒంటరిగా వదిలెయ్యకూడదని మొదటి రోజు పొద్దున్నే చెప్పారు. నేను బుద్ధిగా పుస్తకంలో రాసుకున్నాను. సరిగ్గా ఆ పొద్దున్నే, అయిదువందల మైళ్ళ ఇవతల నెబ్రాస్కాలో, నేను ఒంటరిగా వదిలేసి వచ్చిన పిల్ల చేతులకి తొడుగులు వేసుకుని నా ఆరు వరసల మొక్కజొన్నలోకి దిగింది.

ఆ పిల్ల యెసేనియా. యెసి అని పిలుస్తాం. రెండో ఏడాది పూర్తి చేసింది. వాళ్ళ అమ్మా నాన్నా పక్క జిల్లాలో మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తారు. వేసవిలో హాస్టల్ మూసేస్తారు కనక మా ఇంట్లోనే కింది గదిలో ఉండేది. పన్నెండో ఏట నుంచి ప్రతి జులైలోనూ విత్తనాల చేలల్లో కూలికి పోయిన పిల్ల. పదహారు వచ్చేసరికి ముఠాకి నాయకురాలు. ఎండ అంటే లెక్కలేదు, ఆకు కోతలంటే లెక్కలేదు. పొద్దున్న ఆరింటికి నేను కళ్ళు నులుముకుంటూ వంటింట్లోకి వస్తే, అప్పటికే బూట్లు తొడుక్కుని నా కోసం చూస్తూ కూచునేది.

నాకా, ఆ కాలేజీలో అది ఆరో ఏడు. ఆరో ఏడు చివర్న ఉద్యోగం పర్మనెంటు చేస్తారు, లేదా ఇంకో ఏడాది ఉంచుకుని పంపించేస్తారు. మధ్యలో ఇంకేం లేదు. "మీ పాఠాల మీద ఎవరికీ ఫిర్యాదు లేదు డానెట్. కానీ ఒక్క విద్యార్థి చేత ఒక్క పరిశోధన, చివర్న ఒక్క ఫలితం. అది ఫైల్లో కనపడాలి," అని డీన్ బ్రాండెల్ ఏప్రిల్లోనే చెప్పాడు. ఆగస్టు మొదటి వారంలో పిల్లలు తమ పనిని గోడలకి అంటించి చూపిస్తారు. అక్కడికి తనే స్వయంగా వస్తానన్నాడు.

చుట్టుపక్కల రెండువందల మైళ్ళలో మొక్కల టీచరు కావాలన్న కాలేజీ ఇంకోటి లేదు. మా ఆయన కర్ట్‌ది ఈ ఊరే. చేలల్లో గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే ఆ పొడుగాటి యంత్రాలు బాగుచెయ్యడం అతని పని. మేముండేది వాళ్ళ తాత కట్టిన ఇల్లు. నా ఉద్యోగం పోతే ఆ ఇల్లూ పోయినట్టే. ఆ భయం మార్చి నుంచీ నాతోనే తిని, నాతోనే తిరిగింది.

జూన్ చివర్లో ఒక సాయంత్రం కర్ట్ బయట బొగ్గుల పొయ్యి మీద పంది మాంసం ముక్కలు కాలుస్తున్నాడు. నేను కిటికీ ఇవతల వంటింట్లో ఉన్నాను. ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నాం, ఎందుకంటే మాకు అదే అలవాటు.

"ఏమంటాడు మీ డీను?"

"ఏమంటాడు, అదే పాట. ఫలితం కావాలంటాడు."

"వస్తుందా మరి?"

"రాకపోతే వచ్చే ఏడు ఇదే రోజుకి పెట్టెలు కట్టుకుంటూ ఉంటాం కర్ట్! తాత ఇంటికి గిరాకీ వెతుక్కో!"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను! ఆరేళ్ళు గొడ్డులా చేశాను. ఇప్పుడు నా బతుకంతా ఆరు వరసల మొక్కజొన్న మీద వేలాడుతోంది!"

వెనక మెట్ల మీద యెసి ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. నాకు గుర్తే లేదు. మర్నాడు మామూలుగానే పనికి వచ్చింది, నేనూ మామూలుగానే షికాగో బయల్దేరాను.

ఆ ఆరు వరసల సంగతి చెప్పాలి. మా వైపు గాలివానకి మొక్కజొన్న పడుకుండిపోతుంది. ఒక ముసలి రైతు దగ్గర నడుం ఎత్తు మించని పాత రకం దొరికింది నాకు. ఎంత గాలికైనా నిలబడుతుంది. దాన్ని మామూలు పొడుగు రకంతో కలిపి, ఆ వచ్చిన సంతానంలోంచి ఒక్క కంకి తీసి, అందులో గింజలన్నీ నాటాను. రెండువందల నలభై ఎనిమిది మొలిచాయి. పొట్టితనం ఒకే ఒక్క జన్యువు మీద ఆధారపడిందయితే, ప్రతి నాలుగు మొక్కల్లో ఒకటి పొట్టిది రావాలి. రాకపోతే వ్యవహారం చిక్కు. నాకు కావలసిందల్లా ఆ నాలుగో వంతు ఉందా లేదా అన్నదే.

ఈ సంగతి యెసికి చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. మా పనిలో అదొక పద్ధతి. ఏం కనపడాలో ముందే చెప్తే కళ్ళు దాన్నే చూస్తాయి. పొట్టిదా పొడుగుదా అని తటపటాయించే మొక్క దగ్గర చెయ్యి మనకి కావలసిన వైపే మొగ్గుతుంది. అందుకని, "జులై పదిహేనున ఒక్కో మొక్క ఎత్తు కొలిచి రాసెయ్. ఎందుకో తర్వాత చెప్తాను. అప్పటిదాకా చేను జాగ్రత్త," అని మాత్రం అన్నాను. యెసి ఎందుకని అడగలేదు. అడిగే రకం కాదు.

షికాగో నుంచి వచ్చిన మధ్యాహ్నం సంచీ కారులోనే వదిలేసి చేలోకి నడిచాను. యెసి గట్టు మీద నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"చూడండి మేడమ్!"

చూశాను. ఆరు వరసలూ దువ్వినట్టున్నాయి. తల ఎత్తు మొక్కలు, అన్నీ ఒకటే పొడుగు, ఒకటే పచ్చదనం. అక్కడక్కడా ఖాళీలు. ఎక్కడా ఒక్కటంటే ఒక్క పొట్టి మొక్క లేదు.

"ఏం చేశావ్?" అన్నాను.

"కేళీలు తీసేశాను! మూడు రోజులు పట్టింది. అబ్బ, ఎన్ని ఉన్నాయో మేడమ్! ఎవరమ్మారో గానీ మీకు కల్తీ విత్తనం అంటగట్టారు. సగం ఎత్తువి, వంకరవి, ఆకు పాలిపోయినవి, అన్నీ వేళ్ళతో సహా లాగేశాను. ఇప్పుడు ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా తప్పు పట్టలేడు."

విత్తనాల చేలో మొదటి పని అదే. రకానికి చెందని మొక్కని కేళీ అంటారు. అది పూతకొచ్చి చేనంతా పాడు చెయ్యకముందే పీకెయ్యాలి. పన్నెండేళ్ళ పిల్లకి మొదటి రోజు నేర్పే పాఠం అది. ఏడు వేసవులు ఆ పిల్ల చేతులు అదే చేశాయి. చేను జాగ్రత్త అన్నాను నేను. జాగ్రత్తగానే చూసుకుంది.

"ఎక్కడ? పీకినవి ఎక్కడ పడేశావ్?"

"పక్క ఆయన దూడలకి వేశాను. ఎంత ఇష్టంగా తిన్నాయో!"

ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఏమేం అన్నానో పూర్తిగా రాయను, సిగ్గేస్తుంది. "నిన్నెవడు పీకమన్నాడు? ఆ పొట్టివే నాకు కావలసింది! నాలుగింట ఒకటి పొట్టిది రావాలి, దాని కోసమే ఇదంతా! ఆరేళ్ళ నా కష్టం దూడలకి పెట్టావ్!" అని అరిచాను. యెసి తొడుగులు తీసి చేతుల్లో నలుపుతూ నిలబడింది. ఏడవలేదు. మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది. "ఎన్ని పీకావు? లెక్కయినా ఉందా?" అంటే తల దించుకుంది. నేను గిరుక్కున తిరిగి ఇంటికి వచ్చేశాను.

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కర్ట్ నాకేసీ ఆ పిల్లకేసీ మార్చి మార్చి చూస్తూ గబగబా తిని లేచిపోయేవాడు.

మూడో రోజు పొద్దున్న యెసి ఒక కాగితం తెచ్చి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"గుర్తొచ్చింది మేడమ్. ముఠాలో ఉన్నప్పుడు ఎన్ని తీశామో వరసల వారీగా చెప్పాలి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. మీరు అరిచేసరికి ఏమీ తోచలేదు. పొట్టివి మొత్తం అరవై ఒకటి."

అరవై ఒకటి! రెండువందల నలభై ఎనిమిదిలో నాలుగో వంతు అరవై రెండు. నేను కుర్చీలోంచి లేచి ఆ పిల్లని గట్టిగా వాటేసుకున్నాను. ఎంత గట్టిగానంటే కాఫీ ఒలికి ఆ కాగితం మూల తడిసింది. "బంగారం! ముందే చెప్పొచ్చు కదే! అన్నేసి మాటలన్నాను నిన్ను, క్షమించు," అన్నాను. ఆ పిల్ల వాటేసుకోలేదు. చేతులు వేలాడేసి నిలబడింది. నా తిట్ల దెబ్బ ఇంకా తగ్గలేదు కాబోలు అనుకున్నాను.

ఆ రోజే ఫైలుకి ముందుమాట రాసేశాను. కర్ట్ మధ్యలో చెర్రీ పళ్ళు పెట్టిన తీపి రొట్టెలు, కొలాచెలు, కొనుక్కొచ్చాడు. ఆ రాత్రి నాలుగు నెలల తర్వాత హాయిగా నిద్రపోయాను.

జులై మూడో వారానికి పూతలొచ్చాయి. ఒక్కో మొక్క మగపూతకి ఒక కాగితం సంచీ, కంకి పీచుకి ఒక కాగితం సంచీ తొడిగి, దాని పుప్పొడి దానికే పట్టించాలి. పొట్టివి పోయినా వాటి తోబుట్టువులు మిగిలాయి కదా. నా ఊహ నిజమైతే, చూడ్డానికి పొడుగ్గా ఉన్న ప్రతి మూడింట్లో రెండు లోపల పొట్టితనాన్ని మోస్తూ ఉంటాయి. వాటి గింజలు వచ్చే ఏడు నాటితే మళ్ళీ పొట్టివి బయటపడతాయి. ఆ పని యెసికి చాలా నచ్చింది. పొద్దున్న మంచు ఆరకముందే మొదలుపెట్టి, పొడుగు చేతుల చొక్కా తడిసి ముద్దయ్యేదాకా ఆపేది కాదు. కానీ నాతో మాట తగ్గించేసింది. జోకు వేసినా నవ్వేది కాదు.

ఒక శుక్రవారం సాయంత్రం యెసి వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎన్ని సంచులు తొడిగామో రాసుకుందామని నేను ఒక్కదాన్నే వరసల వెంట నడిచాను. మొదటి వరస, ఇరవై తొమ్మిది. రెండో వరస, ముప్పై అయిదు. రాసుకున్నాను. మూడో వరసలోకి అడుగు పెట్టబోతూ ఆగాను.

రెండో వరసలో మేలో మొలిచినవి నలభై రెండు. నేనే లెక్కపెట్టాను, నా చేతిరాతే. ఇప్పుడున్నవి ముప్పై అయిదు. తగ్గినవి ఏడు. యెసి కాగితంలో ఆ వరసలో పీకిన పొట్టివి పది.

తగ్గినవే ఏడయితే పది ఎలా పీకుతారు?

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై అయిదే. మూడో వరసకి వెళ్ళాను. అక్కడ ఇరవై నాలుగు మొక్కలు లేవు. కాగితంలో పదకొండు అని ఉంది. ఇంటికొచ్చి ఆ కాఫీ మరక కాగితం తీసి అప్పుడు సరిగ్గా చూశాను. పది, పది, పదకొండు, పది, పది, పది. పదిహేనేళ్ళు మొక్కలు లెక్కపెట్టినదాన్ని. ఏ చేనూ అంత బుద్ధిగా వరసకి పది చొప్పున పంచిపెట్టదు. అది మొదటి రోజే చూడాల్సింది. చూడలేదు, ఎందుకంటే నాకు ఆ అంకె కావాలి. యెసికి ఏమీ చెప్పకుండా దాచి, నా కళ్ళకి నేనే గంతలు కట్టుకున్నాను.

కర్ట్ షెడ్డులో ఏదో గేరు విప్పుతున్నాడు. వెళ్ళి చెప్పాను. అతను స్పానరు కింద పెట్టలేదు.

"పిల్ల రాసింది. నువ్వు రాయలేదు," అన్నాడు.

"నా కింద పనిచేసే పిల్ల రాసింది."

"నువ్వొక్కదానివే కదా లెక్క చూసింది? ఇంకెవరూ చూడరు కదా?"

"చూడరు."

"మరి? ఆ నాలుగో వంతు నిజమే అయ్యుండొచ్చు కదా? నువ్వే అన్నావు, అలాగే రావాలని."

"అయ్యుండొచ్చు. తెలీదు. తెలీనిదాన్ని తెలుసని ఎలా రాయను కర్ట్?"

"ఒక్క అంకె డానెట్! ఒక్క అంకె కోసం మా తాత ఇల్లు వదులుకోమంటావా?" అని గేరు బల్ల మీదికి విసిరాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతను వస్తువు విసరడం అదే మొదలు. నేను ఇంట్లోకి వచ్చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ శనివారం, ఆదివారం రెండు రోజులూ అతను అన్నది తలుచుకుంటూనే ఉన్నాను. కాగితం చింపెయ్యనూ లేదు, ఫైల్లో మార్చనూ లేదు. అక్కడే పెట్టి దాని చుట్టూ తిరిగాను.

సోమవారం యెసి వాళ్ళమ్మ మొక్కజొన్న పిండిని పొత్తుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు ఒక గిన్నెడు తెచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టి నా వెనకే చేలోకి వచ్చింది. రెండో వరస మొదట్లో ఆగి అడిగాను.

"ఇందులో ఎన్ని పొట్టివి పీకావు?"

"పది."

"నలభై రెండు మొలిచాయి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు."

కదలకుండానే సంచుల కేసి చూసింది. పెదవులు కదులుతున్నాయి. ముప్పై దాటాక ఆగిపోయింది.

"ఎందుకు రాశావు యెసీ?"

ఒక్కసారిగా, "మీరు వెళ్ళిపోతారని!" అంది. "ఈ కాలేజీలో మొక్కలు చెప్పేది మీరొక్కరే. మీరు పోతే నేను ఏం చదవాలి? మళ్ళీ ముఠాలోకి పోవాలా?"

"నేను వెళ్ళిపోతానని నీకెవరు చెప్పారు?"

"మీరే. బఠాణీలు ఒలుస్తున్నప్పుడు. మీ బతుకంతా ఈ ఆరు వరసల మీదే ఉందన్నారు. అది విన్నాక నేను ఊరుకుంటానా? అందుకే మీరు లేనప్పుడు చేను అంత శుభ్రం చేశాను. ఒక్క కేళీ కూడా ఉండకూడదని. పొట్టివాటితో పాటు నాకు నచ్చనివన్నీ పీకేశాను. వేటిలో ఎన్నో నాకు నిజంగా తెలీదు మేడమ్."

గట్టు మీద కూచుండిపోయాను. ఆ పిల్లకి చెప్పాల్సింది, చేను ఎందుకు వేశామన్నది, పద్ధతి పేరు చెప్పి దాచాను. దాచుకోవాల్సింది, నా భయం, కిటికీలోంచి కేకలేసి మరీ వినిపించాను. పంతొమ్మిదేళ్ళ పిల్ల నా ఇంటి బరువు నెత్తిన పెట్టుకుని మూడు రోజులు ఎండలో మొక్కలు పీకింది. ఆ తర్వాత నా కోసం అబద్ధం రాసింది.

"కూచో," అన్నాను. కూచుంది. చేను ఎందుకు వేశానో, ఎందుకు చెప్పలేదో అప్పుడు మొత్తం చెప్పాను. నా తప్పు నాదేనని కూడా చెప్పాను. "ఇంటి గొడవ నాది. అది నీది కాదు. నువ్వు వినుండకూడదు. విన్నా మొయ్యకూడదు."

"మరి ఇప్పుడు?"

"ఆ అరవై ఒకటి తీసేస్తాం."

"తీసేస్తే మీ ఉద్యోగం?"

"తీసేస్తాం," అన్నాను.

యెసి లేచి, పుప్పొడి పట్టించడానికి విప్పాల్సిన సంచులు విప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఆ వరస పూర్తయింది.

గోడకి అంటించే కాగితం తనే రాస్తానంది. నేను చదివి చూశాను గానీ ఒక్క మాట మార్చలేదు. పైన పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "ఈ చేలో పొట్టి మొక్కలు ఎన్ని? మాకు తెలియదు." దాని కింద ఎలా పీకిందీ, ఎందుకు పీకిందీ, మిగిలిన నూట డెబ్భై ఒక్క మొక్కలతో ఏం చేస్తున్నామన్నదీ ఉంది.

ఆగస్టు మొదటి గురువారం. కాలేజీ భోజనాల హాలు నిండా పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ. మా పక్కన నదిలో చేపల మీద పనిచేసిన కుర్రాడి పటం రంగురంగులుగా మెరిసిపోతోంది. డీన్ బ్రాండెల్ ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ మా దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని పైవాక్యం చదివాడు. మళ్ళీ చదివాడు.

"తెలియదు అని రాసి గోడకి అంటించారేమిటమ్మా?"

"తెలియదు కనక సర్," అంది యెసి. "పొట్టి మొక్కలే లెక్కపెట్టాల్సింది. నేను కేళీలనుకుని పీకేశాను. తర్వాత ఒక దొంగ లెక్క కూడా రాశాను. అది తీసేశాం."

దొంగ లెక్క మాట చెప్పమని నేను అనలేదు. కాగితంలో కూడా లేదు.

డీన్ నాకేసి తిరిగాడు. "ఇందులో తప్పు ఎవరిది?"

"నాది," అన్నాను.

"పీకింది నేను సర్," అంది యెసి.

"పీకొద్దని ఎవరైనా చెప్తే కదా! నేను ఊళ్ళో లేను. పిల్లలకి ఎలా నేర్పాలో నేర్చుకోవడానికి షికాగోలో ఉన్నాను."

"దొంగ లెక్క రాసింది నేను."

"అది చూసి ఎగిరి గంతేసింది నేను."

డీన్ ఇద్దరి మొహాలూ చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి పోయింది. "తప్పు నాదంటే నాదని పోట్లాడుకునేవాళ్ళని ఈ కాలేజీలో మొదటిసారి చూస్తున్నాను," అన్నాడు. "సరే, జవాబు ఎప్పుడు వస్తుంది?"

"వచ్చే జులైకి సర్," అంది యెసి, సంచులు తొడిగిన మొక్కల ఫొటో చూపిస్తూ. "పొట్టితనం వీటి లోపల దాక్కుని ఉంటుంది. గింజ నాటితే బయటికి వస్తుంది."

"వచ్చే జులై," అని మాత్రం అని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని చేపల కుర్రాడి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చాలాసేపు ఉన్నాడు. అయినా చెప్తున్నాను, ఆ పిల్ల పక్కన నిలబడ్డ ఆ అయిదు నిమిషాలంత గర్వం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. అంత భయం కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

అక్టోబరులో ఉత్తరం వచ్చింది. రెండు పేరాలు. పరిశోధనలో తగినంత ఫలితం చూపలేకపోయినందున ఉద్యోగం పర్మనెంటు చెయ్యలేకపోతున్నామనీ, వచ్చే ఆగస్టు ఆఖరు దాకా కొనసాగవచ్చనీ. నేను రెండుసార్లు చదివి కర్ట్‌కి ఇచ్చాను. అతను నిలబడే చదివాడు. ఆ షెడ్డు గొడవ తర్వాత మా మధ్య మాటలు సగానికి సగం తగ్గిపోయాయి. తిడతాడనుకున్నాను. వంటింటి గోడ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ళ తాత వేసిన చెక్కలు అవి.

"నీళ్ళ యంత్రాలు ఏ ఊళ్ళోనైనా పాడవుతాయిలే," అన్నాడు చివరికి. అని నా చేతిలో ఉన్న కాఫీ కప్పు తీసుకుని తాగేశాడు. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు కాలేజీ షెడ్డుకి వెళ్ళేసరికి యెసి అక్కడే ఉంది. ఎండిన కంకులు ఒక్కొక్కటే ఒలిచి విడివిడి కవర్లలో వేస్తోంది. ఒక్కో కవరు మీద వరస నంబరూ, మొక్క నంబరూ. నన్ను చూసి చేతులు ఆపింది.

"నిజమేనా?"

"నిజమే."

"నా వల్లేనా మేడమ్?"

కాదమ్మా అనెయ్యడం ఎంతసేపు. కానీ ఆ పిల్లతో నాకు అబద్ధాలు అయిపోయాయి. "కొంత నీ వల్ల. ఎక్కువ నా వల్ల," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు నిండాయి కూడా. మోచేత్తో తుడుచుకుని చేతిలో కంకి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. గింజలు గిన్నెలో రాలాయి.

"ఆగస్టు దాకా ఉంటారు కదా?"

"ఉంటాను."

"మేలో నాటితే జులైకి పొట్టివేవో తెలిసిపోతాయి."

"తెలుస్తాయి."

"అయితే ఎన్ని వరసలు?"

ఇలా అడుగుతుందని అనుకోలేదు. స్టూలు లాక్కుని పక్కన కూచుని లెక్కేశాను. "ముప్పై. తక్కువయితే లాభం లేదు."

"ముప్పయ్యా! ఇద్దరం ఏం చాలతాం? మొదటి ఏడాది పిల్లలు ఇద్దరు అడుగుతున్నారు, పని ఉందా అని. కొలిచే పని వాళ్ళకి ఇద్దాం."

"వాళ్ళకి ఏం చెప్తావ్?"

కవరు మూతి మడిచి పక్కన పెట్టింది.

"నాలుగో వంతు సంగతి చెప్పను. చెప్తే కళ్ళు దాన్నే వెతుక్కుంటాయి," అంది. "ఒక్క మొక్క కూడా పీకొద్దని మాత్రం చెప్తాను."